చాండ్లర్ నుంచి ఒక్కరోజు ప్రయాణం: పాత గనుల ఊళ్లలో బిస్బీయా, గ్లోబా?

ఎడారిపక్షి (చాండ్లర్):

అందరికీ నమస్కారం. నవంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. గ్రాండ్ కాన్యన్, సెడోనా కిందటిసారే చూపించేశాం. నాన్న సింగరేణిలో రిటైరయ్యారు, సర్వీసంతా అండర్‌గ్రౌండే. కొండలూ లోయలూ చూపిస్తే "బాగుంది" అని ఊరుకుంటారు గానీ రోడ్డు పక్కన ఎక్కడైనా తవ్వకం కనిపిస్తే కారాపమంటారు. అందుకే ఈసారి ఆరిజోనాలోని పాత గనుల ఊళ్లు చూపిద్దామనుకుంటున్నాం.

పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికి చేరిపోవాలి. మ్యాప్‌లో రెండు దారులు కనిపిస్తున్నాయి. దక్షిణాన టూమ్‌స్టోన్, బిస్బీ. తూర్పున సుపీరియర్, మయామీ, గ్లోబ్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. బాబుకి తొమ్మిదేళ్లు. రెండు వైపులా తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

టూసాన్_తెలుగు:

నాన్నగారు గని మనిషి అంటున్నారు కాబట్టి ఇంకో ఆలోచన వద్దు, బిస్బీకే తీసుకెళ్లండి. గ్లోబ్ వైపు గనుల్ని రోడ్డు మీంచి చూడాలి. బిస్బీలో లోపలికే తీసుకెళ్తారు.

దారి ఇది. ఐ-10 మీద టూసాన్ దాటి బెన్సన్ దగ్గర 303 ఎగ్జిట్ తీసుకుని 80వ నంబరు రోడ్డెక్కండి. సెయింట్ డేవిడ్ అనే చిన్న ఊరొస్తుంది. అంతవరకూ ఎండిపోయిన నేల చూసిన కళ్లకి అక్కడ శాన్ పెడ్రో నది పక్కన కాటన్‌వుడ్ చెట్లు వరసగా కనిపిస్తాయి. నవంబర్‌లో ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి కూడా. అక్కణ్నుంచి టూమ్‌స్టోన్, తర్వాత మ్యూల్ పర్వతాలు ఎక్కి 1958లో తెరిచిన సొరంగం దాటగానే కింద లోయలో బిస్బీ. చాండ్లర్ నుంచి సుమారు 190 మైళ్లు, ఆగకుండా వెళ్తే మూడు గంటల పైన పడుతుంది. ఆరింటికల్లా బయటపడితే హాయిగా సరిపోతుంది. నవంబర్‌లో ఐదుంపావు, ఐదున్నరకే పొద్దు గూకుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

బిస్బీ 5,500 అడుగుల ఎత్తులో ఉంది. చాండ్లర్‌లో పొట్టిచేతుల చొక్కా వేసుకున్న రోజు కూడా అక్కడ స్వెట్టర్ కావాలి.

పులిహోర_ప్రయాణం (గిల్బర్ట్):

నేను మాత్రం గ్లోబ్ వైపే ఓటేస్తాను. పెద్దవాళ్లని రోజుకి 380 మైళ్లు కార్లో కూర్చోబెట్టడం ఎంత కష్టమో చాలామంది ఆలోచించరు. ఇటు వైపు మొత్తం చుట్టి ఇంటికొచ్చినా 200 మైళ్లలోపే.

మేం వెళ్లిన దారి చెప్తాను. 60వ నంబరు రోడ్డు మీద ముందు బాయిస్ థాంప్సన్ ఆర్బొరేటమ్ వస్తుంది. రాగి గనుల్లో సంపాదించిన విలియం బాయిస్ థాంప్సన్ 1920ల్లో పెట్టించిన తోట అది, ప్రపంచంలోని రకరకాల ఎడారి మొక్కలు అక్కడ పెంచుతున్నారు. మొదటి భాగం చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా తిరగొచ్చు. పక్కనే సుపీరియర్. మాగ్మా అనే రాగి గనుల కంపెనీ ఊరు. గని 1996లో మూతపడింది, ఊరికి గుర్తులా నిలబడ్డ పొగగొట్టాన్ని 2018లో పడగొట్టారు. మెయిన్ స్ట్రీట్‌లో పాత ఇటుక భవనాలు కొన్ని బాగుచేశారు, కొన్ని ఇంకా తాళాలతోనే ఉన్నాయి.

సుపీరియర్ దాటాక ఉంటుంది అసలు డ్రైవ్! క్వీన్ క్రీక్ లోయలో రోడ్డు రాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. వంతెన, వెంటనే 1952 నాటి సొరంగం, ఆ తర్వాత గుమ్మటాల్లాంటి బండలు. సొరంగం దాటాక బండి నడిపేవాళ్లు చూపు రోడ్డు మీదే పెట్టాలి. పెద్ద లారీలు దిగుతుంటాయి.

మయామీలో తెల్లటి గుట్టలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అవి కొండలు కావు, రాగి తీసేశాక మిగిలిన పిండి రాయి. అక్కడి స్మెల్టర్ (రాగి కరిగించే కర్మాగారం) ఇప్పటికీ నడుస్తోంది, అమెరికా మొత్తంలో నడుస్తున్న రాగి స్మెల్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్లోబ్‌లో 1906 నాటి కోర్టు భవనం, 1931లో ఆగిపోయిన ఓల్డ్ డొమినియన్ గని దగ్గర పార్కు, ఊరి చివర బెష్ బా గొవా శిథిలాలు. అవి సలాడో జనం 13, 14 శతాబ్దాల్లో కట్టుకున్న ఇళ్లు. గనులకి ముందు కూడా అక్కడ మనుషులు బతికారని పిల్లలకి చూపించడానికి మంచి చోటు.

ఎడారిపక్షి:

థాంక్సండీ. చదువుతుంటే రెండూ వెళ్లాలనిపిస్తోంది. గ్లోబ్ నుంచి వచ్చిన దారినే వెనక్కి రావాలా?

పులిహోర_ప్రయాణం:

అక్కర్లేదు. గ్లోబ్ నుంచి 77వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి దిగితే 36 మైళ్లలో వింకిల్‌మన్. అక్కణ్నుంచి 177 మీద తిరిగి సుపీరియర్‌కి 32 మైళ్లు. త్రికోణం పూర్తవుతుంది. వింకిల్‌మన్ పక్కనే హేడెన్, అక్కడి పొగగొట్టం 1,000 అడుగుల ఎత్తు, చాలా దూరం నుంచే కనిపిస్తుంది. స్మెల్టర్ 2019 సమ్మె నాటి నుంచి నడవట్లేదు. ఊళ్లో సగం షాపులు మూసే ఉంటాయి. అందమైన ఊరని చెప్పను, కానీ చూడాల్సిన ఊరు. ఆ పొగలో ఏళ్ల తరబడి సీసం, ఆర్సెనిక్ పీల్చినవాళ్ల ఊరది. ఫోటో తీసుకుని వెళ్లిపోకుండా కాసేపు నిలబడితే బాగుంటుందని నా మనవి.

గోదావరిఖని_పిలగాడు (టెంపీ):

అక్కా, 177 మీద రే గని గురించి చెప్పనేలేదు మీరు. నాకు ఆ మొత్తం దారిలో మనసులో నిలిచిపోయింది అదే.

రే, సొనోరా, బార్సెలోనా అని మూడు ఊళ్లుండేవి అక్కడ. సొనోరాలో, బార్సెలోనాలో మెక్సికో నుంచి, స్పెయిన్ నుంచి వచ్చిన కార్మికుల కుటుంబాలు. ముందు అండర్‌గ్రౌండ్ గని. తర్వాత కంపెనీ ఓపెన్‌కాస్ట్ మొదలుపెట్టింది. గుంత పెరుగుతూ పెరుగుతూ ఊళ్ల మీదికొచ్చింది. 1958లో కెన్నెకాట్ కంపెనీ కొంచెం దూరంలో కియర్నీ అనే కొత్త ఊరు కట్టి జనాన్ని అక్కడికి పంపింది. ఇప్పుడు ఆ మూడు ఊళ్లున్న చోట గాలి తప్ప ఏమీ లేదు. చర్చి, బడి, ఇళ్లు, అన్నీ ఆ గుంతలో కలిసిపోయినయ్.

మాది గోదావరిఖని. మా మేనత్తోళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్‌లో పోయింది. బొడ్రాయి ఎక్కడుండేదో చేత్తో చూపించాలంటే ఇప్పుడు అక్కడ దిగబడి ఉన్న డంపర్ల రోడ్డు చూపించాలి. కియర్నీలో పెట్రోల్ కొట్టించుకుంటుంటే పక్కన ఒక పెద్దాయన మాట కలిపిండు. సొనోరాలో పుట్టిన అన్నడు. "సొనోరా ఎక్కడ" అని అడిగితే చెయ్యి కొండ వైపు చూపించి, కాస్త పైకెత్తిండు. అంటే ఊరు ఉండింది ఇప్పుడున్న నేల కంటే పైన. మా మేనత్త కూడా అట్లనే చూపిస్తది. అన్నా, మీ నాన్నకి ఆ చోటు చూపించాలె.

రాగిచెంబు (మేసా):

పైన చెప్పినవన్నీ నిజమే గానీ సింగరేణి మనిషికి మొదట చూపించాల్సింది బిస్బీలోని క్వీన్ మైన్ అనే పాత గని టూరే. వివరాలు చెప్తాను.

ముందుగా ఫోన్ చేసి టైమ్ బుక్ చేసుకోవాలి, శనాదివారాలు త్వరగా నిండిపోతాయి. మరీ చిన్న పిల్లల్ని లోపలికి రానివ్వరు, మీ అబ్బాయికి ఇబ్బంది లేదు. హెల్మెట్, పసుపు రంగు కోటు, లైటు ఇస్తారు. చిన్న మైను రైలు మీద గుర్రమెక్కినట్టు రెండువైపులా కాళ్లేసి కూర్చోవాలి. మీ అమ్మగారికి ఇబ్బంది అక్కడే, మోకాళ్ల సంగతి బుకింగ్ టైమ్‌లోనే వాళ్లకి చెప్పి అడగండి. కొండలోకి అడ్డంగా 1,500 అడుగులు వెళ్తారు. లోపల ఏడాదంతా 47 డిగ్రీల ఫారెన్‌హీటే, అంటే మన లెక్కలో 8 డిగ్రీలు. కొద్ది మెట్లెక్కి చూసే తవ్వకం ఒకటుంది, ఎక్కలేనివాళ్లు కిందే ఉండొచ్చు.

1880లో మొదలైన ఊరు బిస్బీ. అక్కడి గనులన్నీ కలిపి 800 కోట్ల పౌండ్ల పైన రాగి ఇచ్చాయి. అండర్‌గ్రౌండ్ పని 1975లో ఆగిపోయింది. ఊరు కూడా అంతటితో పోవాల్సింది. ఆ మరుసటి ఏడే గనిని టూరుగా తెరిచారు, మూతపడ్డ గనిలో పనిచేసినవాళ్లే గైడ్లయ్యారు. కంపెనీ పోయాక చవగ్గా దొరికిన ఇళ్లలోకి చిత్రకారులు, కుమ్మరిపని వాళ్లు వచ్చి చేరారు. ఇవాళ మెయిన్ స్ట్రీట్‌లో కనిపించే రంగులన్నీ వాళ్లవే.

ఊరు దాటగానే రోడ్డు పక్కన లావెండర్ పిట్ ఉంటుంది. 900 అడుగుల లోతు, 300 ఎకరాలు. కంచె దగ్గర నిలబడి చూడొచ్చు, మెట్లేమీ లేవు, అమ్మగారికి అది నయం.

కొత్తకారు (టెంపీ):

ఒక ప్రశ్న. బిస్బీ మెక్సికో బార్డర్‌కి దగ్గర కదా? హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఏమైనా సమస్య ఉంటుందా? నాకు ఆ టెన్షన్‌తోనే అటు వెళ్లబుద్ధి కావట్లేదు.

టూసాన్_తెలుగు:

వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు టూమ్‌స్టోన్ దాటి బెన్సన్ వైపు వస్తుంటే 80 మీద బార్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంటుంది. కారాపి "అమెరికా పౌరులేనా?" అని అడుగుతారు. కాదంటే కాగితాలు చూపించమంటారు. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు, ఐ-797 (హెచ్1బి ఆమోద నోటీసు) దగ్గరుంచుకోండి. అమ్మానాన్నలకి పాస్‌పోర్టు, ఐ-94. ఫోన్లో ఫోటో ఉంది కదా అని వదిలేయకండి. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ నమోదు కాగితం దగ్గరుంచుకోవాలని చట్టంలోనే ఉంది, ఐ-94 ఆ కిందకే వస్తుంది. అడిగినదానికి సూటిగా, నిజం చెప్తే నిమిషంలో పంపించేస్తారు. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, యూనిఫాం, కుక్క చూసి కంగారు పడతారు.

కొత్తకారు:

చాలా థాంక్స్ అన్నా. ఇది ఎక్కడా తెలుగులో స్పష్టంగా దొరకలేదు.

మేసా_మాస్టారు:

టూమ్‌స్టోన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అమెరికా పశ్చిమ ప్రాంత చరిత్ర అంటే ఇష్టం, కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

1877లో ఎడ్ షీఫెలిన్ అనే ఆయన ఒంటరిగా ఆ కొండల్లో వెండి వెతకడానికి వెళ్తుంటే సైనికులు "నీకక్కడ దొరికే రాయి నీ సమాధి రాయే" అన్నారట. వెండి దొరికాక తన క్లెయిముకి (గని హక్కుకి) ఆ పేరే, టూమ్‌స్టోన్ అని పెట్టాడు. ఊరు లేచింది, డబ్బు పారింది. 1881 అక్టోబర్ 26న ఓకే కొరాల్ అనే పశువుల దొడ్డి దగ్గర పోలీసులకీ రౌడీలకీ మధ్య కాల్పులు, అదంతా 30 సెకన్లు. ఆ 30 సెకన్లని ఇప్పటికీ రోజుకి కొన్నిసార్లు టిక్కెట్టు పెట్టి ఆడిస్తారు. పిల్లలకి సరదాగా ఉంటుంది, తప్పేమీ లేదు.

కానీ ఊరి కథ తుపాకుల్లో లేదు, నీళ్లలో ఉంది. అదే 1881లో 500 అడుగుల పైన లోతుకి వెళ్లేసరికి గనుల్లో నీళ్లు పడ్డాయి. కార్నిష్ పంపులనే పెద్ద ఆవిరి పంపులు పెట్టి తోడారు. 1886లో పంపుహౌస్ కాలిపోయింది. నీళ్లు మళ్లీ నిండాయి, ఆ తర్వాత వెండి ధర కూడా పడిపోయింది. ఎడారిలో, గుక్కెడు మంచినీళ్లు కూడా దూరం కొండల నుంచి గొట్టం వేసి తెచ్చుకున్న ఊరు, గనిలో నీళ్లెక్కువై మునిగిపోయింది. అందుకే నా సలహా, ఆ కాల్పుల షోకి గంట ఇచ్చేకన్నా 1882 నాటి కోర్టు భవనానికి అరగంట ఇవ్వండి. అది ఇప్పుడు మ్యూజియం. గని పనిముట్లు, క్లెయిము కాగితాలు అన్నీ ఉన్నాయి.

బిస్బీ గురించి ఒక మాట ఎవరైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1917లో అక్కడి కార్మికులు సమ్మె చేశారు. జూలై 12 తెల్లవారుజామున షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) హ్యారీ వీలర్, ఆయన వెనక సుమారు 2,000 మంది ఆయుధాలతో ఇళ్ల మీద పడి మనుషుల్ని లాగారు. వారెన్ బేస్‌బాల్ మైదానానికి నడిపించి, అక్కణ్నుంచి దాదాపు 1,200 మందిని పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి న్యూమెక్సికో ఎడారిలో దించేశారు. ఎర్రటి జూలై ఎండ! అందులో మెక్సికన్లు, తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. సమ్మెలో లేనివాళ్లు కూడా ఉన్నారు. దీనికి ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ మైదానం ఇప్పటికీ ఉంది, 1909లో కట్టింది, ఇంకా ఆటలు జరుగుతున్నాయి. బిస్బీ వెళ్లి కాఫీ తాగి, నీలిరాయి ఉంగరం కొనుక్కుని వచ్చేవాళ్లు ఒక పది నిమిషాలు అటు కూడా కారు తిప్పాలని నా కోరిక. వలస వచ్చి బతుకుతున్నవాళ్లం, మనకి తెలియాల్సిన చోటు అది.

గోదావరిఖని_పిలగాడు:

మాస్టారూ, దండం. ఇది నాకు తెలియదు. మా తాత సమ్మెల్లో తిరిగిన మనిషి. ఫోన్‌లో ఆయనకి చదివి వినిపిస్త.

రాతిపిచ్చి (ఫ్లాగ్‌స్టాఫ్):

రాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు. రెండు దారుల్లోనూ రాగే అయినా, కథ వేరు.

బిస్బీలో సున్నపురాయిలోకి వేడి ద్రవాలు చొరబడి రాగి ముద్దలుగా చేరింది. అక్కడి కాపర్ క్వీన్ గనిలో మొదట దొరికిన ఖనిజంలో 23 శాతం రాగి ఉండేది. అలాంటి ముద్దని వెతుక్కుంటూ ఎలుక బొరియల్లా సొరంగాలు తవ్వుకుంటూ పోయారు. రే, మయామీ వైపు అలా కాదు. రాగి కొండంతా పలచగా చల్లినట్టు ఉంటుంది. ఇప్పటి గనుల్లో అర శాతం రాగి ఉన్నా తవ్వుతున్నారు. అంటే ఒక టన్ను రాయి పిండి చేస్తే నాలుగైదు కిలోల రాగి. మిగతాదంతా పులిహోరగారు చెప్పిన ఆ తెల్ల గుట్టలే. ఊళ్లని మింగేంత పెద్ద గుంతలు ఎందుకయ్యాయో ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. సెయింట్ డేవిడ్ దగ్గర మీరు దాటే శాన్ పెడ్రో నది మెక్సికోలో పుట్టి ఉత్తరానికి పారుతుంది. అది హీలా నదిలో కలిసేది వింకిల్‌మన్ దగ్గర. రెండు ప్రయాణాలూ ఒకే నది రెండు చివర్లు.

పిల్లవాడికి బిస్బీ మ్యూజియంలో ఆకుపచ్చ మాలకైట్, నీలం అజురైట్ అనే రాగి ఖనిజాలు తప్పకుండా చూపించండి. ఫెల్ప్స్ డాడ్జ్ అనే గనుల కంపెనీ పాత ఆఫీసు భవనమే ఆ మ్యూజియం. కొండల మీద ఎక్కడపడితే అక్కడ రాళ్లేరడానికి మాత్రం వెళ్లనివ్వకండి. మూతల్లేని పాత గుంతలు ఆరిజోనా అంతటా ఉన్నాయి, పైన పొదలు మొలిచి కనపడవు. పాత చెక్క స్తంభాలు గట్టిగా ఉన్నట్టే ఉంటాయి, చెయ్యి వేస్తే పొడిపొడి అయిపోతాయి.

ఎడారిపక్షి:

అందరి మాటా విన్నాక ఈసారికి బిస్బీ ఖాయం చేశాం. క్వీన్ మైన్ బుక్ అయింది. అమ్మ రైలెక్కదు, మ్యూజియంలో, కింద బజారులో నా భార్యతో ఉంటుంది. తిండి సంగతి? అమ్మ బయట తినదు.

పులిహోర_ప్రయాణం:

నా పేరే సమాధానం. పులిహోర, దద్దోజనం కూలర్‌లో పెట్టుకోండి. దద్దోజనంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు. ఫ్లాస్కులో టీ, కాగితం ప్లేట్లు, చేతులు కడుక్కోవడానికి ఒక గ్యాలన్ నీళ్లు వేరుగా. బిస్బీలో కారు క్వీన్ మైన్ దగ్గరే పెట్టండి, చదునుగా ఉంటుంది. పాత ఊరంతా మెట్లే, కొండ మీద ఇళ్లు. మెయిన్ స్ట్రీట్ కింది సగంలోనే తిరిగితే అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు.

టూసాన్_తెలుగు:

వేసవిలో చదివేవాళ్ల కోసం ఒక మాట చేరుస్తున్నా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఐ-10 మీద కాసా గ్రాండే, ఎలోయ్ దగ్గర దుమ్ము తుఫాన్లు లేస్తాయి. ఎదురుగా గోడలా కనిపిస్తే అందులోకి వెళ్లకండి. చిక్కుకుంటే రోడ్డు నుంచి వీలైనంత పక్కకి దిగి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీంచి కాలు తీసి, సీటుబెల్టుతో కూర్చోవాలి. లైట్లు వెలుగుతుంటే వెనకవాళ్లు అదే రోడ్డనుకుని వచ్చి గుద్దేస్తారు.

ఎడారిపక్షి:

వెళ్లొచ్చాం! మీ అందరి పుణ్యమా అని రోజు చక్కగా గడిచింది. నాన్న గురించి వివరంగా రాయాలనుంది.

రైలు లోపలికి వెళ్లగానే ఆయన మొదట చూసింది పైకి. గైడ్ ఏదో చెప్తుంటే వినకుండా కప్పు చూస్తున్నారు. మొదటి మజిలీలో దిగగానే గైడ్‌ని అడగమన్నారు, "రూఫ్ ఎట్లా పరీక్ష చేస్తారు?" అని. నేను ఇంగ్లిష్‌లో అడిగాను. గైడ్ నవ్వి, ఇనుప కడ్డీతో రాయి మీద కొట్టాడు. టంగుమని మోగింది. నాన్న వెంటనే "ఇది గట్టిది. డొల్లగా మోగితే పక్కకి తప్పుకోవాలె" అన్నారు. నేను తర్జుమా చేసేలోపే గైడ్‌కి అర్థమైపోయింది, తల ఊపాడు. అక్కణ్నుంచి ఇద్దరి మధ్యా నేను అనవసరం అయిపోయాను. చేతులతోనే మాట్లాడుకున్నారు. రాతి ముఖం మీద డ్రిల్లు రంధ్రాల వరస చూపించి ఏది ముందు పేలాలో గైడ్ వివరిస్తుంటే, నాన్న వేలితో ఒక్కొక్కటీ వరసగా చూపించారు. మా బాబు నోరు తెరిచి చూస్తున్నాడు. తాతయ్య ఏం పని చేశాడో వాడికి అప్పటిదాకా తెలియదు.

నాన్నని బాగా ఆశ్చర్యపరిచింది కొవ్వొత్తి స్టాండు. ఇనుప మేకులాంటిది, చివర కొక్కెం, మధ్యలో కొవ్వొత్తి పెట్టే చుట్ట. చెక్కలోకి గుచ్చి, ఆ వెలుగులో తవ్వేవాళ్లట. తర్వాత కార్బైడు దీపాలు, అవీ మంటే. "మా బాయిల అగ్గిపెట్టె జేబుల దొరికితే ఉద్యోగం పోయేది" అన్నారు. బొగ్గుబాయిలో గ్యాస్ ఉంటుంది, ఇక్కడి రాతిలో ఆ భయం లేదు. వీళ్లకి వేరే చావు, రాతి దుమ్ము. నీళ్లు లేకుండా డ్రిల్లు చేసిన రోజుల్లో ఊపిరితిత్తులు పోయి కుర్రవయసులోనే చనిపోయేవారని గైడ్ చెప్పాడు. ఖాళీ చేసిన చోట్లని పనికిరాని రాయితో నింపేవారని చెప్తే "మేం గోదావరి ఇసుక నింపినం" అన్నారు నాన్న. చలికి మాత్రం ఇబ్బంది పడ్డారు. ఆయనకి తెలిసిన గని అంటే ఉక్కపోత, చెమట.

లావెండర్ పిట్ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. చూసి, "ఓపెన్‌కాస్ట్ ఎక్కడైనా ఓపెన్‌కాస్టే" అని వచ్చి కార్లో కూర్చున్నారు. మాస్టారు చెప్పిన బేస్‌బాల్ మైదానానికి వెళ్లాం. గేటు మూసి ఉంది. బయటి నుంచే చూసి, జరిగింది నాన్నకి చెప్పాను. "పేర్లు ఎక్కడన్నా రాసిన్రా?" అని అడిగారు. మాకు అక్కడ ఏమీ కనిపించలేదు.

చెక్‌పాయింట్‌లో కాగితాలు చూసి వెంటనే పంపేశారు.

మేసా_మాస్టారు:

మీ నాన్నగారి ప్రశ్న నన్ను కూర్చోనివ్వట్లేదు. నేను వచ్చే నెల బిస్బీ మ్యూజియంకి వెళ్తాను. 1917 గురించి వాళ్ల దగ్గర ఏయే కాగితాలున్నాయో అడిగి, ఇక్కడే రాస్తాను.

గోదావరిఖని_పిలగాడు:

అన్నా, నాన్నని ఒకసారి కలవాలె. ఏ ఏరియాల చేసిన్రు? మా నాయనకి తెలిసుంటడేమో.

ఎడారిపక్షి:

మందమర్రి, చివర్లో శ్రీరాంపూర్. తప్పకుండా రండి, జనవరి దాకా ఉంటారు. మాట్లాడేవాళ్లు దొరక్క ఇబ్బంది పడుతున్నారు. ఇంకో సంగతి, రే గని చూడాలని ఆయనే అంటున్నారు, ఇది చదివి వినిపించాను. డిసెంబర్‌లో గ్లోబ్ త్రికోణం వేద్దాం, మీరు కూడా మాతో రండి.

రాతిపిచ్చి:

వెళ్తే సుపీరియర్ దాటాక ఓక్ ఫ్లాట్ దగ్గర ఆగి చూడండి, ఏ స్థితిలో ఉందో ముందు వార్తలు చూసుకుని. శాన్ కార్లోస్ అపాచీలకి అది పవిత్రమైన నేల. దాని కింద పెద్ద రాగి నిక్షేపం ఉంది. ఆ భూమిని గని కంపెనీకి మార్చడానికి 2014లో చట్టం చేశారు, కేసులు ఏళ్ల తరబడి నడిచాయి, 2025 మేలో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. కింద నుంచి తవ్వుకుంటూ పోయే పద్ధతి కాబట్టి పైన నేల దాదాపు రెండు మైళ్ల వెడల్పున, 1,000 అడుగుల లోతుకి కుంగిపోతుందని ప్రభుత్వ నివేదికలోనే ఉంది. రాగి కావాలనేవాళ్లలో నేనూ ఒకణ్ని, నా ఫోనూ కారూ దాంతోనే నడుస్తాయి. అయినా ఆ ఓక్ చెట్ల కింద నిలబడ్డాక ఇది వద్దనే అంటాను.

పులిహోర_ప్రయాణం:

గ్లోబ్ వెళ్లేవాళ్లకి ఒక్క విషయం. 2025 సెప్టెంబర్ చివర్లో వచ్చిన వరదలో అక్కడి పాత డౌన్‌టౌన్ బాగా దెబ్బతింది. నేను పైన రాసిన చోట్లన్నీ తెరిచి ఉన్నాయో లేదో బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తెరిచిన షాపుల్లో ఏదో ఒకటి కొనండి, వాళ్లకి ఇప్పుడది చాలా అవసరం. డిసెంబర్ అంటున్నారు కాబట్టి పైన చలి బాగా ఉంటుంది, పొద్దున క్వీన్ క్రీక్ దగ్గర రోడ్డు తడిగా ఉంటే మెల్లగా వెళ్లండి. తేదీ ఖాయమైతే చెప్పండి, కార్లో చోటుంటే మేమిద్దరం కూడా వస్తాం. దద్దోజనం నా వంతు.